ఆడిటరు మాట వినకు తమ్మీ

నేను ఐదో తరగతి గుత్తేదారుని. అది చదువు కాదు, రిజిస్ట్రేషను. చదువు దానికంటే రెండు తరగతులు ఎక్కువే. నిజాంసాగర్ కాల్వల మీద తూముల రిపేర్లు, చెరువు కట్టలకు మొరం, బడులకు ప్రహరీ గోడలు, ఊళ్లలో సీసీ రోడ్లు... ఇరవై ఆరేళ్లుగా ఇదే నా బతుకు. ఈమధ్య ఎల్లారెడ్డి, పిట్లం, నిజాంసాగర్ వైపు పిల్లగాళ్లు చాలామంది లైసెన్సులు తీసి పనుల్లోకి దిగుతున్నారు. ఎంబీ, అంటే కొలతల పుస్తకం, రాయించడం నేర్చుకున్నారు, బిల్లు వెంట తిరగడం నేర్చుకున్నారు. ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్ల కంట్లో పడకుండా బతకడం మాత్రం వాళ్లకు ఎవరూ నేర్పడం లేదు. ఆ విద్య నా దగ్గర ఉంది. మా బామ్మర్ది పదేళ్లుగా నా సలహాల మీదే నడుస్తున్నాడు. అతని సంగతి చివర్లో చెబుతాను.

కామారెడ్డిలో మాకో ఆడిటరు ఉంది. నా బిడ్డ ఈడు పిల్ల. నన్ను 'కాకా' అని పిలుస్తుంది, కూర్చోబెట్టి చాయ్ తెప్పిస్తుంది, ఆ తర్వాత నేను చెప్పిన ప్రతిదానికీ అడ్డం తగులుతుంది. ఆమె ఏమంటుందో కూడా రాస్తాను. ఏది వినకూడదో తెలియాలి కదా.

ముందు శత్రువు ఎవరో తెలుసుకో తమ్మీ. పన్నుల ఆఫీసులో ఒక పెద్దసారు కూర్చుంటాడు. ఆయన ముందు జిల్లాలోని గుత్తేదారుల పేర్లన్నీ ఉంటాయి. ఆయన వేలు ఎవరి పేరు మీద ఆగితే వాడి పని అయిపోయినట్టే. అందుకని ఆయన చెవిన మన పేరు పడకూడదు. ఇంటికి పెద్ద గేటు పెట్టొద్దు. బొలెరో కొన్నా బావ పేరు మీద కొను. పెళ్లికి డీజే పెట్టినా ఫ్లెక్సీ మీద నీ ఫొటో వేయించకు. నేను పదకొండేళ్లు ఒకే స్ప్లెండర్ మీద తిరిగాను. సైలెన్సరు ఊడిపోయినా మార్చలేదు, పేదరికం నలుగురికీ వినపడాలని.

ఆడిటరు ఏమంటుందంటే, ఆ పెద్దసారు ఇప్పుడు లేడట. 2019 అక్టోబరులో ఢిల్లీలో ఈ-అసెస్‌మెంట్ కేంద్రం ఒకటి తెరిచారు. 2020 ఆగస్టు 13న ముఖం చూడని అసెస్‌మెంటు అంటూ పద్ధతినే మార్చేశారు. మన ఫైలు ఏ రాష్ట్రంలో, ఏ అధికారి ముందుకు పోతుందో మనకు తెలియదు, మన ఊరెక్కడో ఆయనకు పట్టదు. సోదాలూ సర్వేలూ జరిగినవాళ్లను, పాత కేసులు తిరగదోడినవాళ్లను మనుషులే నేరుగా తీసుకుంటారు గానీ, మిగతా ఎంపికంతా మిషనుదే. దాని పేరు కంప్యూటర్ ఎయిడెడ్ స్క్రూటినీ సెలెక్షన్, పొట్టిగా కాస్. దాఖలైన రిటర్నుల్లో అది పట్టుకునేది నూటికి ఒకటి కూడా ఉండదట.

"మరి నూటికి ఒకడు గూడ లేనప్పుడు ఆ ఒక్కడు నేనెందుకైత బిడ్డా?" అన్నాను.

"అది లాటరీ తియ్యది కాకా. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తది. నువ్వు రాసిన అంకె ఒకటి, నీ గురించి వేరేవాళ్లు రాసిన అంకె ఇంకొకటి. రెండూ కలవకపోతే నిన్ను పక్కకు తీస్తది. నీ సైలెన్సరు దానికి వినపడదు" అంది.

ఇట్లాంటి మాటలకు భయపడొద్దు. ఇక అసలు చిట్కాల్లోకి వద్దాం.

బిల్లు ఎంతైనా సరే, ఖాతాలో పడిన పైసలనే ఆదాయంగా చూసుకో. చేతికి రాని దానికి లెక్క ఎందుకు? మొన్న ఒక డిస్ట్రిబ్యూటరీ తూము పని చేశాను. పని విలువ 10,00,000. దాని మీద జీఎస్టీ నూటికి 18 చొప్పున 1,80,000. మొత్తం బిల్లు 11,80,000. అందులో ఆదాయపు పన్ను నూటికి రూపాయి చొప్పున 11,800 పట్టారు. జీఎస్టీ టీడీఎస్ నూటికి రెండు, 20,000. లేబర్ సెస్ 10,000. సీనరేజి 28,200. డిపాజిట్ కింద ఆపింది 50,000. నా ఫోనుకు వచ్చిన మెసేజీలో 10,60,000 ఉంది. అందులో జేసీబీవాడికి, ట్రాక్టర్లకు, సిమెంటు దుకాణానికి పోగా ఎంత మిగిలిందో నాకూ దేవుడికీ తెలుసు. రిటర్నులో తొమ్మిది లక్షలు రాయించాను. చిల్లర లేకుండా ఉంటే చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుంది.

ఆడిటరు తన కంప్యూటర్ నా వైపు తిప్పి చూపించింది. ఫారం 26ఏఎస్ అట. బిల్లు ఇచ్చిన ఆఫీసు నా పాన్ నెంబరు మీద 11,80,000 చెల్లించినట్టు రాసి ఉంది. అదే ఆఫీసు జీఎస్టీ కోసం పెట్టే ఏడో నెంబరు రిటర్నులో 10,00,000 ఉంది. బ్యాంకులో 10,60,000. ఒక్క తూముకు మూడు అంకెలు!

"మూడూ కరెక్టే కాకా. ఒకదాన్నుంచి ఇంకొకదానికి ఎట్లా వచ్చామో ఒక కాగితం రాసి పెట్టుకుంటే చాలు. నువ్వు రాసిన తొమ్మిది లక్షలే ఎక్కడా లేదు" అంది.

గుత్తేదారు బిల్లులో పన్ను పట్టుకోవడం 1972 నుంచీ చట్టంలో ఉంది, పాత చట్టంలో 194సి కింద. అప్పట్లో పట్టిన కాగితం ఏ బీరువాలో పడి ఉండేదో ఎవరికీ తెలిసేది కాదు. 2021 నవంబరు నుంచి ఏఐఎస్ అని ఇంకోటి పెట్టారు. అందులో బ్యాంకు వడ్డీ, కొన్న భూమి, జీఎస్టీలో చూపించిన టర్నోవరు, అన్నీ మన పేరు కింద వరసగా కనిపిస్తాయట. ఆదాయపు పన్నువాళ్లు, జీఎస్టీవాళ్లు ఒకరి లెక్కలు ఒకరికి ఇచ్చుకోవాలని 2020 జూలైలో రాతకోతలు కూడా చేసుకున్నారు. నా సలహా ఒకటే, ఆ 26ఏఎస్సు, ఏఐఎస్సు తెరిచి చూడొద్దు. చూస్తే నిద్ర పట్టదు.

ఇది చెబితే ఆ పిల్ల నన్ను గట్టు మీదికి తీసుకుపోయింది, మాటల్లోనే లే. "నిజాంసాగర్‌లో గేజీ చదివే లష్కర్‌ను అడుగు కాకా. సింగూరు దిక్కు నుంచి వచ్చిన నీళ్లెన్ని, కాల్వకు ఇడిచినయెన్ని, ఇంక మట్టం ఎంతున్నది? మూడు లెక్కలు కలవలేదంటే ఏడనో గండి పడ్డట్టే గద. కాస్ గూడ గంతే, గేజీ చదువుతది" అంది.

నాకు ఒళ్లు మండింది. "1931ల కట్టి ముగించినప్పుడు నిజాంసాగర్ల ముప్పై టీఎంసీల దాకా పట్టేది. పూడిక నిండి, మట్టం పెంచినంక గూడ ఇయ్యాల 17.8 టీఎంసీలే. పన్నెండు టీఎంసీలు ఏడ వోయినయని, దాన్ని కట్టిన అలీ నవాజ్ జంగ్‌కు ఎవడన్న నోటీసు ఇచ్చిండా?" అన్నాను.

"పూడిక ఎంతున్నదో సర్వే చేసి రాసిండ్రు కాబట్టే నీకు ఆ అంకె నోటికొచ్చింది కాకా. నువ్వు నీ పూడిక రాస్తలేవు" అంది. చదువుకున్నవాళ్లతో ఇదే తంటా.

ఇక నాకు బాగా పేరు తెచ్చిన చిట్కా చెబుతాను, మనసు పెట్టి విను. లైసెన్సు ఒకడిది, పని ఇంకొకడిది. మన దగ్గర ఇది కొత్త సంగతి కాదు. పని దక్కినవాడికి తగిన తరగతి లైసెన్సు ఉండదు, లైసెన్సు ఉన్నవాడికి పెట్టుబడి ఉండదు. ఇద్దరూ చాయ్ హోటల్‌లో కూర్చుంటే సరిపోతుంది. మా బామ్మర్దిది మూడో తరగతి లైసెన్సు. 2022-23లో నలుగురు పోరగాళ్లకు అరువు ఇచ్చాడు. నాలుగు పనులూ కలిపి కోటీ అరవై లక్షలు. బిల్లులు అతని ఖాతాలో పడ్డాయి. నూటికి మూడు తన కమీషను పట్టుకుని, మిగతావి విత్‌డ్రా చేసి చేతికిచ్చాడు. కాగితం లేదు, సంతకం లేదు. కాగితం రాసుకుంటే నమ్మకం లేనట్టు కదా!

రిటర్ను టైముకు నేనే దగ్గరుండి చెప్పాను, నీకు మిగిలింది నాలుగు లక్షల ఎనభై వేలు, అంతే రాయి అని. రాశాడు. అక్కడితో ఆగితే మామూలు మనిషి అయ్యేవాడు. బిల్లుల్లో పట్టిన టీడీఎస్ లక్షా అరవై వేలు ఉంది కదా, అది మొత్తం వాపసు కావాలని కూడా అడిగించాను. వాపసు వచ్చింది కూడా. మా ఇద్దరికీ ఆ రాత్రి యాట కూర.

ఆడిటరు ఈ కథ విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. చాయ్ చల్లారిపోయింది. తర్వాత మెల్లగా, "కాకా, నూటికి రూపాయి చొప్పున లక్షా అరవై వేలు పట్టిండ్రంటే మొత్తం ఎంత?" అంది.

"కోటీ అరవై లక్షలు."

"నువ్వే చెప్పినవు. మిషనుకు ఇంకెంతసేపు?"

స్క్రూటినీ నోటీసుల్లో కారణం రాస్తారట. గుత్తేదారులకు తరచూ వచ్చే కారణం ఇదేనంటుంది, కాంట్రాక్టు రాబడికీ 26ఏఎస్‌కూ పొంతన లేదని. ఆమె చెప్పే దారి మహా చాదస్తం. కోటీ అరవై లక్షలూ రాబడిగా చూపాలట, పోరగాళ్లతో సబ్ కాంట్రాక్టు కాగితం రాసుకోవాలట, పైసలు బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపాలట, వాళ్ల దగ్గర కూడా నూటికి రూపాయి పట్టి కట్టాలట. అప్పుడు అతని ఆదాయం నాలుగు లక్షల ఎనభై వేలే అని లెక్క తేలుతుందట. అదే అంకె రావడానికి అంత తిరుగుడు ఎందుకో నువ్వే చెప్పు.

ఒక మాట మాత్రం నిజం. కమీషను దగ్గర కొట్లాడినవాళ్లతో జాగ్రత్త. 2018లో సర్కారు ఒక పథకం పెట్టింది. పన్ను ఎగ్గొట్టినవాడి సమాచారం పక్కాగా ఇస్తే 50 లక్షల దాకా బహుమానం. నీ పేరు మీద పని చేసినవాడికి నీ ఖాతా సంగతి నీకంటే బాగా తెలుసు.

ఇక ఎనిమిది శాతం సంగతి. 1994లో సివిల్ గుత్తేదారుల కోసమే ఈ వెసులుబాటు తెచ్చారు. నలభై లక్షల లోపు పని చేసేవాడు పుస్తకాలు రాయక్కర్లేదు, రాబడిలో నూటికి ఎనిమిది లాభమని చూపితే చాలు. ఇప్పుడా హద్దు రెండు కోట్లు, నగదు నూటికి ఐదు దాటకపోతే మూడు కోట్లు. మన పెద్దమనుషులు దీన్ని దేవుడిచ్చిన వరంగా చూస్తారు, నేనూ అంతే. అసలు మిగిలింది పద్దెనిమిది అయినా ఎనిమిదే రాయించు. అదే ఏడాది కామారెడ్డిలో ఎనభై లక్షల ఇల్లు కొను. రెండింటికీ సంబంధం ఏముంది? ముప్పై లక్షలు, ఆపైన రిజిస్ట్రేషను అయితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి సమాచారం పోతుందట, పది లక్షలు దాటిన కారు కొంటే షోరూంవాడే నూటికి రూపాయి పన్ను వసూలు చేసి మన పాన్ మీద జమ చేస్తాడట. పోనీ. ఇల్లు ఇల్లే, ఎనిమిది ఎనిమిదే.

ఇక్కడే ఆడిటరు ఇంకో పుల్ల పెట్టింది. ఎనిమిది అనేది కనీసమట, అంతకంటే ఎక్కువ మిగిలితే అదే రాయాలట. ఇంకో సంగతి, బ్యాంకు ద్వారా వచ్చిన రాబడికి ఎనిమిది కూడా అక్కర్లేదు, ఆరు చాలట. సర్కారు బిల్లు ఎన్నడైనా నగదుగా వచ్చిందా? రాలేదు. అంటే 2016-17 నుంచీ నేను నూటికి రెండు ఎక్కువ చూపిస్తూ వచ్చానన్నమాట. అయినా మార్చుకోను. మాట మీద నిలబడే మనిషిని.

నీకు మాత్రం ఇంకో సలహా. ఒక ఏడు ఎనిమిది చూపు, మరుసటి ఏడు నష్టం చూపు, ఆపై ఏడు మళ్లీ ఎనిమిదికి రా. ఒకసారి దాంట్లోంచి బయటికొస్తే ఐదేళ్ల దాకా మళ్లీ రానివ్వరనీ, ఆదాయం పన్ను పడే హద్దు దాటితే పుస్తకాలు రాసి ఆడిట్ చేయించాలనీ చట్టంలో ఉందట. ఉండనీ.

ఇల్లు ఎట్లా కొన్నావని ఎవరైనా అడిగితే భూమాత ఉంది. వ్యవసాయ ఆదాయానికి కేంద్రం పన్ను లేదు. మా బామ్మర్దికి నిజాంసాగర్ చివరి ఆయకట్టులో నాలుగెకరాలు. నేను అతని రిటర్నులో వ్యవసాయ ఆదాయం 38 లక్షలు రాయించాను. వడ్లు బంగారమైతే ఏమవుతుంది?

ఆడిటరు క్యాలిక్యులేటర్ తీసింది. ఎకరాకు 28 క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర, అదీ ఏ గ్రేడుది, క్వింటాలుకు 2,389 రూపాయలు వేసింది, అప్పటి ధర ఇంకా తక్కువే అయినా. ఒక కారుకు 66,892. వానకాలం, యాసంగి రెండూ పండాయనుకుంటే ఎకరాకు 1,33,784. నాలుగెకరాలకు 5,35,136. దున్నుడు, నాట్లు, ఎరువులు, హార్వెస్టరు కిరాయి ఏమీ తీసేయకుండానే! 38 లక్షలు రావాలంటే ఇరవై ఎనిమిది ఎకరాలు దాటి ఉండాలి.

"పైగా మీ చివరి ఆయకట్టుకు యాసంగి నీళ్లు ఏనాడు సక్కగ వచ్చినయి కాకా? కాల్వ రిపేరు చేసింది నువ్వే గద!" అంది.

ఈ మాట నేను పట్టించుకోలేదు గానీ కొంచెం గుచ్చుకుంది. భూమి ఎంతో పాసుబుక్కులో ఉంటుంది, ధరణి పోయి భూభారతి వచ్చినా సర్వే నెంబరు మారదు. వడ్లు ఐకేపీ సెంటర్లో పోస్తే పైసలు ఖాతాలోనే పడతాయి, మార్కెట్లో అమ్మితే తక్‌పట్టీ, అంటే అమ్మిన చీటీ, ఉండాలి. ఇవన్నీ అడుగుతారట. మనం అడగనివ్వొద్దు, అంతే.

చిన్నచిన్నవి కొన్ని గబగబా చెప్పేస్తాను. నగదు పది లక్షలు, ఆపైన జమ చేస్తే బ్యాంకు చెబుతుందని విని ఉంటావు, అందుకని ఒకే బ్యాంకులో రెండు సేవింగ్స్ ఖాతాలు తెరిచి చెరో తొమ్మిదిన్నర లక్షలు వెయ్యి. (ఒక మనిషివి అన్నీ కలిపే లెక్కేస్తారంటుంది ఆడిటరు.) దోస్తు దగ్గర ఐదు లక్షలు నగదుగానే చేబదులు తీసుకో. (అప్పు ఇరవై వేలు, ఆపైన అయితే నగదు పనికిరాదట, ఎంత తీసుకున్నావో అంత జరిమానా పడొచ్చట.) నోట్ల రద్దప్పుడు, 2016 నవంబరు 8 తర్వాత, మనవాళ్లు కొందరు బీరువాలోవన్నీ తెచ్చి ఖాతాల్లో పోశారు. మరుసటి జనవరిలో ఆపరేషన్ క్లీన్ మనీ అంటూ 18 లక్షల మందిని, ఇది ఎక్కడిదో చెప్పండని అడిగారు. చెప్పలేనివాళ్లకు సర్‌చార్జీ, సెస్సూ కలిపి నూటికి డెబ్బై ఏడుకు పైగా పన్ను. అప్పుడు నా పేరు రాలేదు. స్ప్లెండర్ మహిమ.

ఖర్చుల వోచర్ల దగ్గర మాత్రం కాస్త కళ కావాలి. కూలీలు దెగ్లూర్ దాటి మహారాష్ట్ర నుంచి వస్తారు, పని అయిపోగానే పోతారు. వాళ్ల సంతకాలు ఎక్కడ దొరుకుతాయి? మా బామ్మర్ది ఒక ఆదివారం పొద్దున పడసాలలో కూర్చుని, ఒకే నీలం పెన్నుతో, నలభై ఒక్క వోచర్లు రాశాడు. అన్నీ 9,900 రూపాయలే, ఎందుకంటే ఒక మనిషికి ఒక రోజు నగదు పది వేలు దాటితే ఖర్చు కింద ఒప్పుకోరు. నలభై ఒక్క పేర్లు, నలభై ఒక్క వేలిముద్రలు. బొటనవేలు మాత్రం ఒక్కటే, అతనిదే. ఇంకు ప్యాడ్ ఆరిపోతుంటే అతని ఇంట్లోవాళ్లు మధ్యలో రెండుసార్లు నీళ్లు చల్లారు. చివరి వోచర్లకు వచ్చేసరికి వేలి చర్మం లేచిపోయింది. కష్టం లేనిదే ఫలితం లేదు.

ఒక్క విషయంలో మాత్రం నేనూ ఆడిటరూ ఒకే మాట మీద ఉన్నాం. పని ఒక ఏడాది, కొలతలు ఎంబీలో ఎక్కేది ఇంకో ఏడాది, బిల్లు వచ్చేది ఎప్పుడో. మూడేళ్ల బిల్లులు ఒకే మార్చిలో పడితే ఆ ఏడాది మన రాబడి ఒక్కసారిగా మూడింతలవుతుంది, మూడు కోట్ల హద్దు దాటిపోవచ్చు. మిషనుకు కనిపించేది ఆ ఎగిరిన అంకె ఒక్కటే. అప్పులకు మూడేళ్లు కట్టిన మిత్తి దానికి కనపడదు. ఇచ్చేవాడు ఆలస్యం చేస్తే పుచ్చుకున్నవాడు సంజాయిషీ రాయడం ఏం న్యాయం? ఇంకొన్నిచోట్ల మన పాన్ నెంబరులో ఒక అక్షరం తప్పు కొట్టి మన పన్ను ఎవరికో జమ చేస్తారు, లేదా ఎవరిదో బిల్లు మన మీద వేస్తారు. దాన్ని దిద్దించడానికి ఆ ఆఫీసు చుట్టూ తిరగాల్సింది మనమే. తప్పు చేయనివాడు కూడా ఇట్లా జాబితాలో పడతాడు. అప్పుడు పనికొచ్చేది ఎంబీ జిరాక్సు, కొలతల తేదీలు, బిల్లు పెట్టిన తేదీ అని ఆమె పిల్లలకు చెప్పినట్టు చెబుతుంది. నేను మాత్రం ఎంబీ జిరాక్సులు ఎన్నడూ దాచలేదు. చెదలు తింటాయి.

వేరే దేశాల సంగతి కూడా ఆమే చెప్పింది. ఫ్రాన్స్‌లో 2022లో, ఆకాశం నుంచి తీసిన ఫొటోలను కంప్యూటరుకు చూపించి, లెక్కలో చెప్పని ఈతకొలనులు ఇరవై వేలు పట్టుకున్నారట. అమెరికాలో ప్రతి రిటర్నుకూ ఒక మార్కు వేస్తారట, ఆ మార్కు ఎట్లా వేస్తారో మాత్రం బయటికి పొక్కనివ్వరట. మన దగ్గర అంత రహస్యం కూడా లేదు, మనమీద ఉన్నదంతా మనకే చూపిస్తారు అంటుంది. నిజాంసాగర్ గట్టు కింద ఈతకొలను ఎవరికీ లేదు కాబట్టి మనకు ఆ భయం లేదు.

ఇంక నోటీసులు. ఫోనుకు "మీ లావాదేవీలు ఒకసారి సరిచూసుకోండి" అని మెసేజీ వస్తే చదవకుండా తీసెయ్యి. తప్పు రాసినవాడు నాలుగేళ్ల దాకా తానే సవరించిన రిటర్ను వేసుకోవచ్చు, కొంత పన్ను ఎక్కువ కట్టి. ఆలస్యమైన కొద్దీ అది నూటికి 25 నుంచి 70 దాకా పెరుగుతుంది. అందుకే అసలు మొదలుపెట్టకు. స్క్రూటినీ నోటీసు రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక జూన్ 30 లోపు రావాలి. ఆ రోజు దాటితే ఊళ్లో డప్పు కొట్టించుకోవచ్చు. పాత ఏడాదిని తిరగదోడడానికి 148 అని వేరే దారి ఉందని ఆడిటరు అంటుంది గానీ, 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 చట్టం కదా, నెంబర్లన్నీ మారాయి. 148 నెంబరే లేనప్పుడు నోటీసు ఎక్కడిది? పాత ఏళ్లకు పాత చట్టమే వర్తిస్తుందని ఆమె వాదన. వాదించనీ.

పుస్తకాలు రాయకపోవడమే మేలనడానికి హైకోర్టు సాక్ష్యం కూడా ఉంది. 1998లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇండ్‌వెల్ కన్‌స్ట్రక్షన్స్ కేసులో చెప్పింది, గుత్తేదారు పుస్తకాలు నమ్మదగ్గవి కావని పక్కన పెట్టి లాభాన్ని అంచనా కట్టాక, అవే పుస్తకాల్లోని ఖర్చులను మళ్లీ విడివిడిగా కొట్టేసి కలపకూడదని. నేను దీన్ని ఎట్లా అర్థం చేసుకున్నానంటే, పుస్తకాలే లేకపోతే ఇంకా మంచిది. "కాకా, అంచనా కట్టే శాతం వాళ్లది, నీ ఎనిమిది కాదు" అని ఆ పిల్ల నెత్తి కొట్టుకుంది.

ఇక మా బామ్మర్ది సంగతి. 2023 జూలైలో ఎల్లారెడ్డిలో ఒక నెట్ సెంటర్‌లో రిటర్ను వేశాడు. అక్కడి పిల్లగాడు చురుకైనవాడు. పోర్టల్‌లో ఫోను నెంబరు, మెయిలు అడిగితే తనవే పెట్టాడు, మా బామ్మర్దికి ఆ తిప్పలన్నీ ఎందుకని. అది కూడా నా సలహానే, మన నెంబరు వాళ్లకు తెలియకూడదని. 2024 జూన్‌లో స్క్రూటినీ నోటీసు వచ్చిందట. ఆ తర్వాత వివరాలు అడుగుతూ ఇంకో మూడు వచ్చాయట. అన్నీ పిల్లగాడి మెయిలుకు పోయాయి. పిల్లగాడు అప్పటికే దుబాయ్ పోయాడు. జవాబు లేదు కాబట్టి 2025 మార్చిలో 144 కింద వాళ్లకు తోచిన లెక్క వాళ్లు కట్టేశారు. ఆ సంగతి మాకు ఆగస్టులో తెలిసింది, బామ్మర్ది డీజిల్ కోసం బ్యాంకుకు పోతే పైసలు తీయనివ్వనప్పుడు.

ఆడిటరు అప్పీలు వేద్దామంది. ఆలస్యానికి కారణం కూడా రాసి పెట్టింది. అప్పీలు ఆన్‌లైన్‌లోనే వేయాలి, దానికి పాస్‌వర్డు కావాలి. పాస్‌వర్డు మార్చాలంటే ఆధార్‌కు ఉన్న ఫోనుకు ఓటీపీ వస్తుంది, ఆధార్‌కు ఉన్నదీ పిల్లగాడి నెంబరే. నెంబరు మార్పిద్దామని ఆధార్ సెంటర్‌కు మూడుసార్లు తీసుకుపోయాను. నలభై ఒక్క వోచర్ల మీద పడిన ఆ బొటనవేలు మిషను మీద మాత్రం పడటం లేదు.

ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపి, 2024లో దుబాయ్ పోయిన పిల్లగాడు మీకెవరికైనా అక్కడ కనబడితే, దయచేసి ఆ పాస్‌వర్డు ఒకటి అడిగి చెప్పండి.